గ్రే షేడ్ నాయకుల ఫాంటసీ నవలలు: మొదట ఏది చేతికి తీసుకోవాలి?

గ్రే షేడ్ ఉన్న, అంటే పూర్తిగా మంచివాడూ చెడ్డవాడూ కాని నాయకుడు కావాలని ఫాంటసీలో వెతికితే దొంగల ముఠా కథ, కిరాయి సైనికుల కథ, చిత్రహింసలు పెట్టే అధికారి కథ, ఒక జాతినే తుడిచేయడానికి సిద్ధపడే అమ్మాయి కథ అన్నీ ఒకే జాబితాలో వస్తాయి. వీటిలో ఒకటి నచ్చినవాళ్లకి రెండోది నచ్చి తీరాలని లేదు. 'సిక్స్ ఆఫ్ క్రోస్' ఇష్టంగా చదివి అదే ఊపులో 'ప్రిన్స్ ఆఫ్ థార్న్స్' అందుకుంటే మొదటి అధ్యాయంలోనే పుస్తకం మూసేయాలనిపించవచ్చు. రెండూ మంచి నవలలే. రెండింట్లోనూ నాయకుడు తప్పుడు పనులే చేస్తాడు. తేడా వేరే చోట ఉంది.

ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముఖ్యం, కథ ఎవరి గొంతులో వింటున్నాం అన్నది. నెత్తురు ఎంత పారిందన్నదాని కంటే దీనివల్లే చదివే అనుభవం ఎక్కువగా మారుతుంది. ఒకడు ఊరు తగలబెట్టాడనుకోండి. పక్కవాడు చూసి చెబితే వాణ్ని చూసి భయపడతాం. తగలబెట్టినవాడే 'నేను' అంటూ చెబితే వాడి లెక్కలు మనకి తెలియకుండానే మన లెక్కలైపోతాయి, నాలుగు పేజీలు పోయాక ఉలిక్కిపడతాం. ఇక 'అతను' అని చెబుతూనే మనసులో మాటలు వినిపించే పద్ధతి ఒకటుంది. పైకి ఒకటి, లోపల ఇంకొకటి అనుకునే మనిషి ఈ పద్ధతిలోనే బాగా పండుతాడు.

తర్వాత అడగాల్సింది, ఆ పని చేసేముందు వేరే దారి ఉందా అని. ముందు నుయ్యి వెనక గొయ్యి అన్న స్థితిలో చేసిన తప్పుని పాఠకుడు ఇట్టే మాఫీ చేస్తాడు. దాన్ని దురదృష్టం అనాలి గానీ గ్రే షేడ్ అనకూడదు. మంచి దారి ఎదురుగా ఉన్నా ఖరీదెక్కువనో, ఆలస్యమవుతుందనో పక్కన పెట్టిన పాత్ర దగ్గరే అసలు పేచీ మొదలవుతుంది. దుర్మార్గుడికి చిన్నప్పటి ఏడుపొకటి అతికించి సర్దేసిన పాత్రలు ఈ పరీక్షకి నిలవవు.

మూడోది, మూల్యం ఎవరు కడుతున్నారు? చాలా దొంగల కథల్లో దోపిడీకి గురైనవాడు ఎలాగూ దుర్మార్గుడే కాబట్టి మనకి నొప్పి తెలియదు. దారినపోయేవాడు కట్టినప్పుడే కథ బరువెక్కుతుంది. ఆ బరువు మీకు కావాలా వద్దా అన్నది మీరే తేల్చుకోవాలి. సరదా కోసం చదవడం తక్కువేం కాదు.

మిగిలినవి ఆచరణకి సంబంధించినవి: హింస ఏ రకంది, వరుస (సిరీస్) పూర్తయిందా, ఇంగ్లీషు ఎంత కష్టం. కింది పట్టికలో పేజీల సంఖ్య సుమారుగా ఇచ్చింది, ముద్రణను బట్టి మారుతుంది.

| నవల, రచయిత | ఏడాది | చెప్పే తీరు | పేజీలు | హింస | వరుస |
|---|---|---|---|---|---|
| ది బ్లేడ్ ఇట్‌సెల్ఫ్, జో అబర్‌క్రాంబీ | 2006 | పలువురి వైపు నుంచి, మనసులో మాటలతో | 500 పైన | ఎక్కువ, చిత్రహింస | మూడు భాగాలు, పూర్తి |
| ద బ్లాక్ కంపెనీ, గ్లెన్ కుక్ | 1984 | 'నేను', దళం వైద్యుడు | 300 | మధ్యస్థం, చాలావరకు తెర వెనక | తొలి మూడు భాగాల కథ పూర్తి |
| ద ట్రైటర్ బారు కార్మొరాంట్, సేథ్ డికిన్సన్ | 2015 | ఒక్కరి వైపు నుంచే | 400 | మధ్యస్థం, మానసికంగా తీవ్రం | మూడు వచ్చాయి, కథ ముగియలేదు |
| ది లైస్ ఆఫ్ లాక్ లమోరా, స్కాట్ లించ్ | 2006 | బయటి కథకుడు, మధ్యమధ్య గతం | 500 | మధ్యస్థం, అక్కడక్కడ తీవ్రం | ఏడు అనుకుంటే మూడు వచ్చాయి |
| సిక్స్ ఆఫ్ క్రోస్, లీ బార్డుగో | 2015 | ముఠా సభ్యుల వైపు నుంచి | 460 | మధ్యస్థం | రెండు భాగాలు, పూర్తి |
| ప్రిన్స్ ఆఫ్ థార్న్స్, మార్క్ లారెన్స్ | 2011 | 'నేను', నేరస్థుడే | 330 | చాలా ఎక్కువ | మూడు భాగాలు, పూర్తి |
| ద పాపీ వార్, ఆర్. ఎఫ్. క్వాంగ్ | 2018 | ఒక్కరి వైపు నుంచే | 530 | రెండో సగంలో చాలా ఎక్కువ | మూడు భాగాలు, పూర్తి |
| ద లాస్ట్ విష్, ఆంద్రేజ్ సప్కోవ్‌స్కీ | 1993 | విడివిడి కథలు | 280 | మధ్యస్థం | కథల సంపుటి, ఒక్కటే చదివినా చాలు |
| ఎల్రిక్ ఆఫ్ మెల్నిబొనే, మైకెల్ మూర్‌కాక్ | 1972 | బయటి కథకుడు | 200 | మధ్యస్థం | చాలా ఉన్నాయి, విడిగా చదవచ్చు |

ఒక్కటే చదువుతానంటే: ది బ్లేడ్ ఇట్‌సెల్ఫ్

ఇందులో శాండ్ డాన్ గ్లోక్టా అనే మనిషి ఉన్నాడు. ఒకప్పుడు కత్తిసాము విజేత, అందగాడు, పొగరుబోతు. యుద్ధంలో పట్టుబడి రెండేళ్లు శత్రువుల చేతిలో చిత్రహింసలు అనుభవించాడు. పళ్లు చాలావరకు పోయాయి, ఒక కాలు పనికిరాకుండా పోయింది. ఇంటికొచ్చాక తానే ప్రభుత్వం తరఫున జనాన్ని హింసించి నేరాలు ఒప్పించే ఉద్యోగంలో చేరాడు.

అతను కనిపించే తొలి సన్నివేశంలో విచారణ గదికి కుంటుకుంటూ వెళ్తూ మెట్లని తిట్టుకుంటాడు. లోకంలో ఒక్కణ్ని హింసించే అవకాశమిస్తే మెట్లు కనిపెట్టినవాణ్నే ఎంచుకుంటాడట. మనకి నవ్వొస్తుంది. అంతలోనే తలుపు తెరుచుకుంటుంది. బల్లకి అవతల లావుపాటి వ్యాపారి ఒకడు చెమటలు కక్కుతూ కూర్చుని ఉంటాడు. మనల్ని నవ్వించిన ఆ గొంతే అతణ్ని ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టమంటుంది, పెట్టకపోతే ఏమవుతుందో కూడా చెబుతుంది. గ్లోక్టా మనసులో 'నేనీ పని ఎందుకు చేస్తున్నాను' అన్న ప్రశ్న పుస్తకం పొడుగునా వస్తూనే ఉంటుంది. రచయిత తేలికైన జవాబేదీ ఇవ్వడు. మానేసి పోవడానికి గ్లోక్టాకి వీలుంది, పోడు. పైన చెప్పిన మూడు కొలతలకీ ఒకేసారి నిలిచే పాత్ర ఈ తొమ్మిది నవలల్లో ఇతనే.

రెండో ముఖ్య పాత్ర లోగెన్ దారి వేరు. ఎంతోమందిని చంపి అలసిపోయిన యోధుడు, ఇకనైనా మంచివాడిగా ఉండాలని నిజంగానే కోరుకుంటాడు. కోరుకుంటే సరిపోతుందా అన్నది తేలడానికి మూడు భాగాలూ పడుతుంది. తేలిన తీరు అందరికీ రుచించదు.

జనం ఈ నవలని వదిలేసే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: మొదటి భాగంలో కథ కదలదు. ఐదొందల పేజీలు మనుషుల్ని ఒకచోట చేర్చడానికే సరిపోతాయి. ప్రయాణం రెండో భాగం 'బిఫోర్ దే ఆర్ హ్యాంగ్డ్' (2007)లో మొదలవుతుంది, ఆ ప్రయాణం దేనికో మూడోది 'లాస్ట్ ఆర్గ్యుమెంట్ ఆఫ్ కింగ్స్' (2008)లో గానీ అర్థం కాదు. అందుకని మొదటిది చదివి ఆగితే మోసపోయినట్టుంటుంది. మూడూ చదివే ఓపిక ఉంటేనే మొదలుపెట్టండి. ఇంగ్లీషు సులువే, బూతులు మాత్రం ధారాళం. వినే అలవాటు ఉంటే స్టీవెన్ పేసీ చదివిన ఆడియో పుస్తకం తీసుకోండి. పళ్లు లేని గ్లోక్టా మాట నత్తినీ, లోపలి ఆలోచన పదునునీ రెండు గొంతులుగా విడదీసి చదువుతాడు. ముద్రణలో వాలు అక్షరాలు చేసే పని అక్కడ చెవికి తెలుస్తుంది.

ఇదే లోకంలో విడిగా చదవగలిగే 'బెస్ట్ సర్వ్‌డ్ కోల్డ్' (2009) ఉంది కదా, దానితో రుచి చూద్దామని కొందరంటారు. చూడొచ్చు, కానీ మూడు భాగాల ముగింపులో ఎవరు ఎక్కడ తేలారో అందులో మాటల మధ్య బయటపడిపోతుంది.

నెత్తురు కంటే లెక్కలు భయపెట్టే నవల

'ద ట్రైటర్ బారు కార్మొరాంట్'లో నాయిక ఆయుధం ఖాతా పుస్తకం. బారు పుట్టిన ద్వీపాన్ని ఒక సామ్రాజ్యం ముందు వ్యాపారంతో, తర్వాత చట్టంతో, బడితో మింగేస్తుంది. ఆ బడిలోనే చదివి, ఆ సామ్రాజ్యం కొలువులోనే చేరి, పైకి ఎదిగి లోపలినుంచి కూల్చాలన్నది ఆమె పథకం. ఆమెని గణకాధికారిగా ఇంకో వలస ప్రాంతానికి పంపుతారు. అక్కడ తిరుగుబాటు రాజుకుంటోందని పసిగట్టి, ఒక్క సైనికుణ్ని కదపకుండా దాన్ని అణిచేస్తుంది. ఎలాగంటే కాగితపు డబ్బు విలువ పడిపోయేలా చేస్తుంది. తిరుగుబాటుదారులు దాచుకున్న సొమ్ము చిత్తుకాగితమవుతుంది. వాళ్లతోపాటు ఏ పాపం ఎరగని ఇళ్లలోనూ దాచుకున్నదంతా పోతుంది. మూల్యం దారినపోయేవాడు కట్టడమంటే ఇదే. ఎవరి గొంతూ తెగదు, అంకెలు మారతాయంతే.

పేచీలు కూడా ఉన్నాయి. సామంతుల పేర్లు, ప్రాంతాల పేర్లు ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఒక కాగితం మీద ఎవరు ఎవరికి అప్పు, ఎవరికి ఏ ప్రాంతం అని రాసుకుంటూ పోతే వందో పేజీకల్లా దారిన పడతారు. పన్నులు, అప్పులు, రాజకీయం అంటే ఆవులింత వచ్చేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మేలు. ముగింపు మాత్రం ఎక్కడా చదివి తెలుసుకోకండి, ఈ నవలకి ప్రాణమంతా అక్కడే ఉంది. వరుస ముగియలేదన్న భయం దీనికి పెట్టుకోనక్కర్లేదు. మొదటి భాగం ఒక్కటీ చదివి ఆపినా పూర్తి నవల చదివినట్టే ఉంటుంది.

రెండు దొంగల ముఠాలు

'ది లైస్ ఆఫ్ లాక్ లమోరా', 'సిక్స్ ఆఫ్ క్రోస్' మధ్యే ఎక్కువమంది తటపటాయిస్తారు.

లాక్ మోసగాడు. ధనిక ప్రభువుల్ని వేషాలతో, మాటలతో బోల్తా కొట్టిస్తాడు. ఆ నగరంలో దొంగలకీ పాలకులకీ మధ్య ప్రభువుల్ని ముట్టకూడదన్న రహస్య ఒప్పందం ఉంది, లాక్ దాన్ని తొక్కేస్తాడు. కొట్టిన సొమ్ముని ఏం చేసుకోవాలో కూడా అతని ముఠాకి తెలియదు, నేలమాళిగలో కుప్ప పోసుకుంటారు. అంటే ఇతని దోషం ఆశ కాదు, తెలివి మీద మోజు. ఆ మోజుకి మూల్యం స్నేహితులు కట్టాల్సి వచ్చినప్పుడు నవల ఒక్కసారిగా నల్లబడుతుంది. అక్కడిదాకా వచ్చేందుకు తొలి వంద పేజీలు ఓపిక పట్టాలి. అధ్యాయాల మధ్య చిన్ననాటి ఘట్టాలు వచ్చి కథని ఆపుతుంటాయి, వాటిని దాటేసి చదివితే మాత్రం రెండో సగం సగమే అందుతుంది.

'సిక్స్ ఆఫ్ క్రోస్' నాయకుడు కాజ్ బ్రెకర్ పదిహేడేళ్లవాడు, కానీ లాక్ కంటే కఠినుడు. తన మనిషిని గాయపరిచినవాడి కన్ను పీకి, వాణ్ని ఓడ మీదనుంచి సముద్రంలో పడేసే ఘట్టం ఒకటుంది. యువ పాఠకుల పుస్తకమని తేలిగ్గా తీసుకునేవాళ్లకి అదొక హెచ్చరిక. అయినా మొత్తం మీద ఇది ఆరుగురి దోపిడీ కథ, పరుగు ఆగదు, ఇంగ్లీషు తేలిక. తటపటాయింపు తెగకపోతే దీనికే నా ఓటు, రెండు భాగాల్లో (రెండోది 'క్రూకెడ్ కింగ్‌డమ్', 2016) కథ శుభ్రంగా ముగుస్తుంది కాబట్టి. ఇదే లోకంలో రచయిత్రి అంతకుముందు రాసిన మూడు నవలలు చదవనక్కర్లేదు. కాకపోతే గ్రీషా, ఫ్యెర్డా లాంటి మాటలు వివరణ లేకుండా తొలి అధ్యాయాల్లో మీద పడతాయి. ఆగి వెతకకండి, సందర్భాన్నిబట్టి అవే తెలుస్తాయి.

గుండె దిటవు చేసుకుని చదవాల్సినవి

'ప్రిన్స్ ఆఫ్ థార్న్స్'లో జోర్గ్ అనే కుర్రాడే కథ చెబుతాడు. పదమూడేళ్లకే బందిపోట్ల ముఠాకి నాయకుడయ్యాడు. తల్లినీ తమ్ముణ్నీ చంపుతుంటే ముళ్లపొదలో చిక్కుకుని కళ్లారా చూశాడు. పుస్తకం ఒక ఊరి మీద దాడి ముగిసిన చోట మొదలవుతుంది, అక్కడ జరిగినవాటిలో అత్యాచారం కూడా ఉంది. ఆ విషయం ముందే తెలిసి మొదలుపెట్టడం మంచిది. లారెన్స్ చేసిన గమ్మత్తు ఏమిటంటే, ఆ చిన్ననాటి ఘోరాన్ని జోర్గ్ క్షమాపణ పత్రంలా చూపించడు. మనమే వాడి తరఫున వాదించడానికి చూస్తాం, వాడు మన వాదన వినిపించుకోడు. వాక్యాలు పొట్టివి, పుస్తకం చిన్నది. భరించగలరా లేదా అన్నది మొదటి ఇరవై పేజీల్లో తేలిపోతుంది.

'ద పాపీ వార్' అలా ముందే చెప్పేయదు, అదే దాని ప్రమాదం. మొదటి సగం బడి కథ. రిన్ అనే అనాథ పిల్ల నిద్ర రాకుండా చేతి మీద కొవ్వొత్తి మైనం కార్చుకుంటూ చదివి, దేశవ్యాప్త పరీక్షలో నెగ్గి, సైనిక విద్యాలయంలో చేరుతుంది. గురువులు, పోటీలు, అవమానాలు, హాయిగా సాగిపోతుంది. తర్వాత యుద్ధం వస్తుంది. గోలిన్ నీస్ అనే నగరానికి సంబంధించిన అధ్యాయానికి మూలం 1937 నాటి నాన్‌జింగ్ మారణకాండ. రచయిత్రి ఏదీ మెత్తబరచలేదు. ఆ అధ్యాయాన్ని పేజీలు తిప్పేసి దాటినా కథ తెగదు. కానీ చివర్లో రిన్ తీసుకునే నిర్ణయం ఎంత భయంకరమైనదో, ఆమెకి అది ఎందుకు న్యాయంగా తోచిందో ఆ అధ్యాయమే చెబుతుంది. కాబట్టి అది అస్సలు చదవలేమనుకుంటే నవలనే వదిలేయడం మేలని నా అభిప్రాయం.

పరిమితి చూసుకుని రుచి చూడాలంటే

సమయం తక్కువుంటే 'ద లాస్ట్ విష్'లో 'ది లెసర్ ఈవిల్' కథ ఒక్కటి చదవండి, గంటలో అయిపోతుంది. భూతాల వేటగాడు గెరాల్ట్ బ్లావికెన్ అనే ఊరొస్తాడు. ఒక మాంత్రికుడు ఒక యువతిని చంపమంటాడు, ఆమె మాంత్రికుణ్ని చంపమంటుంది. ఇద్దరి మాటల్లోనూ నిజముంది, ఇద్దరి చేతులకీ నెత్తురుంది. రెండు చెడుల్లో చిన్నది ఎంచుకోమంటే గెరాల్ట్ అసలు ఎంచుకోనంటాడు. ఎంచుకోకపోవడం కూడా ఎంపికే అవుతుందన్న సంగతి ఊరి సంతలో తేలుతుంది. ఈ కథ నచ్చితే పైన చెప్పిన నవలల్లో ఏదైనా ధైర్యంగా మొదలుపెట్టొచ్చు.

'ద బ్లాక్ కంపెనీ' కిరాయి దళం కథ. చెప్పేవాడు క్రోకర్, దళానికి వైద్యుడు, చరిత్రకారుడు కూడా. వీళ్లు పనిచేసేది దుష్టశక్తి పక్షాన అని వాళ్లకీ తెలుసు, ఒప్పందం ఒప్పందమే. యుద్ధాలు నాలుగు వాక్యాల్లో అయిపోతాయి, పేకాట మాత్రం తీరిగ్గా నడుస్తుంది. కుక్ ఏదీ వివరించడు, ఊరు ఎక్కడుందో, ఎవరు ఎవరో చెప్పడు. తొలి యాభై పేజీలు తలా తోకా దొరకదు, అది మీ లోపం కాదు. దళం కంటే మామూలు మనిషి పతనం చూడాలనుంటే రెండో భాగం 'షాడోస్ లింగర్' (అదీ 1984లోనే వచ్చింది) కోసమైనా ఓపిక పట్టండి. అందులో అప్పుల్లో మునిగిన షెడ్ అనే సత్రం యజమాని శవాలు అమ్మడం మొదలుపెడతాడు. ఒక్కో మెట్టూ ఎంత సహజంగా దిగుతాడంటే ఎక్కడ ఆగాల్సిందో వేలు పెట్టి చూపించలేం.

ఎల్రిక్ వీళ్లందరికంటే పెద్దవాడు, మొదటి కథ 1961లోనే వచ్చింది. బలం లేని చక్రవర్తి, మందులో, ఆత్మల్ని తాగే కత్తో లేకపోతే నిలబడలేడు. ఆ కత్తి ఎవరి ఆత్మ తాగాలో అతని చేతిలో లేదు. భాష కాస్త పాతకాలపుది, పాత్రల లోతు ఇప్పటి నవలల్లో ఉన్నంత లేదు. చరిత్ర మీద ఆసక్తి ఉంటే చదవండి, లేకపోతే నష్టం లేదు.

జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ వరుసని పట్టికలో పెట్టకపోవడానికి కారణం నాణ్యత కాదు, దూరం. మొదటి భాగం 'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్' (1996)లో ఒక పిల్లవాణ్ని కిటికీలోంచి తోసేసిన జేమీ లానిస్టర్ వైపు నుంచి కథ వినాలంటే మూడో భాగం (2000) దాకా ఆగాలి. అంటే అంతకుముందు సుమారు పదిహేను వందల పేజీలు. ఆ మలుపు అద్భుతమే. ఏడు అనుకున్న భాగాల్లో ఐదోది 2011లో వచ్చింది, ఆరోది ఇంకా రాలేదు.

ఎవరికి ఏది

ముగియని కథంటే చిరాకు పడేవాళ్లు లించ్‌నీ మార్టిన్‌నీ పక్కన పెట్టండి. లించ్ మొదటి నవల విడిగా చదవచ్చుగానీ అది నచ్చాక రెండోది కొనకుండా ఉండలేరు, మూడోది (2013) దగ్గర ఆగిపోతారు.

లైంగిక హింస చదవలేనివాళ్లు లారెన్స్, క్వాంగ్ పుస్తకాలు మానేయండి. బార్డుగో నవలలో ఇనెజ్ అనే అమ్మాయిని గతంలో వ్యభిచార గృహానికి అమ్మేసిన ప్రస్తావన ఉంది, దృశ్యంగా చూపించరు. అబర్‌క్రాంబీ మూడో భాగంలో ఒక స్త్రీని బెదిరించి కాపురానికి ఒప్పించే వ్యవహారం ఒకటుంది. నిడివి తక్కువే గానీ మనసులో ఉండిపోతుంది.

పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకైతే 'సిక్స్ ఆఫ్ క్రోస్' ఒక్కటే సరిపోతుంది. 'ద పాపీ వార్' నాయిక కూడా చిన్నపిల్లే కదా అని చేతికివ్వకండి, అది పెద్దల పుస్తకం.

ఇంగ్లీషులో ఫాంటసీ చదవడం ఇదే మొదలైతే బార్డుగో, ఆ తర్వాత క్వాంగ్, అబర్‌క్రాంబీ. డికిన్సన్ వాక్యాలు దట్టంగా ఉంటాయి, కుక్ వాక్యాలు పొట్టివే అయినా సగం సంగతి మింగేస్తాయి, ఇద్దర్నీ కాస్త అలవాటయ్యాక పట్టుకోవాలి.

ఒక నవల నచ్చాక తర్వాత ఏదన్న ప్రశ్నకి, అదే హింస స్థాయి ఉన్నది కాకుండా అదే గొంతు ఉన్నది వెతకండి. గ్లోక్టా లోపలి మాట నచ్చినవాళ్లకి బారు ఆలోచనల చదరంగం నచ్చుతుంది. క్రోకర్ ముక్తసరి మాట నచ్చితే అబర్‌క్రాంబీ రాసిన మూడు రోజుల యుద్ధం 'ద హీరోస్' (2011) తీసుకోండి, కానీ ఆ తొలి మూడు భాగాలూ అయ్యాకే. జోర్గ్ నచ్చినవాళ్లు రెండో భాగం 'కింగ్ ఆఫ్ థార్న్స్' (2012) మొదలుపెట్టేముందు ఒకటి గమనించండి: అందులో కాలం ముందుకీ వెనక్కీ దూకుతుంది, అధ్యాయం పేరు కింద 'నాలుగేళ్ల క్రితం' అని ఉందో లేదో చూడకుండా చదివితే చచ్చినవాడు మళ్లీ ఎలా మాట్లాడుతున్నాడా అని తికమకపడతారు.